ఇవ్వని అధికారం ఎక్కడికి పోతుంది?

నాలుగైదు ఊళ్లలో శాఖలున్న సంస్థను ఒకదాన్ని తీసుకోండి. కాలేజీల గ్రూపు, ఆసుపత్రుల చైను, సహకార బ్యాంకు, ఏదైనా సరే. అందులోని కొన్ని వందల విండోస్ కంప్యూటర్ల మీద అడ్మిన్ అధికారం ఎవరికుందని హెడ్డాఫీసును అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: మా ఇద్దరు ముగ్గురికే. అదే ప్రశ్న శాఖలో ల్యాబ్ చూసుకునే టెక్నీషియన్‌ను అడిగితే కథ వేరుగా ఉంటుంది. ప్రింటర్ డ్రైవర్ వేయడానికి హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టి రెండు రోజులు ఎదురుచూడలేక, ఎప్పుడో ఎవరో ఫోన్‌లో చెప్పిన పాస్‌వర్డ్‌తో పని కానిచ్చేస్తుంటాడు. ఆ పాస్‌వర్డ్ అన్ని కంప్యూటర్లకూ ఒకటే. అతని పక్కవాడికీ తెలుసు, నిరుడు ఉద్యోగం మానేసి వెళ్లినవాడికీ తెలుసు. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచిన వాదన ఇక్కడే మొదలవుతుంది. కేంద్రం ఇవ్వకుండా దాచుకున్న అధికారం కేంద్రం దగ్గరే ఉండిపోదు. కాగితం మీదికి ఎక్కకుండా, హద్దూ లెక్కా లేకుండా, దొడ్డిదారిన శాఖలకు చేరిపోతుంది. కాబట్టి శాఖలవాళ్లకు అధికారం ఇవ్వాలా వద్దా అని తర్జనభర్జన పడటం కాలయాపన. ఏ పనికి, ఏ హద్దులో, ఎవరి పేర ఇవ్వాలన్నదే మీరు తేల్చుకోవలసింది.

ఈ మాట ఐటీ మేనేజర్లకు అంత తొందరగా మింగుడు పడదు. అందుకు సాంకేతిక కారణాలు కొన్ని ఉన్నా, మనసులోని కారణాలే ఎక్కువ. సంస్థ నెట్‌వర్క్ మొత్తం మీద పెత్తనమిచ్చే డొమైన్ అడ్మిన్ అన్న పేరులో ఒక హోదా ఉంది. పది ఊళ్ల నుంచి పొద్దస్తమానం ఫోన్లు రావడం చిరాకే. అయినా తను లేకపోతే పని నడవదన్న తృప్తి ఆ చిరాకు అడుగున ఎక్కడో ఉంటుంది. ఇది ఒక రకం. ఇంకో రకం మేనేజర్లు ఆ ఫోన్లకు విసిగిపోయి, శాఖలో ఉన్న కుర్రాణ్ణి కూడా డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో చేర్చేసి చేతులు దులుపుకుంటారు. పైకి ఒకరు పిసినారి, ఇంకొకరు దానకర్ణుడు అనిపిస్తారు గాని, ఇద్దరూ తప్పించుకున్న శ్రమ ఒక్కటే. శాఖలో రోజూ జరిగే పనులేమిటి, ఒక్కో పనికి ఎంత అధికారం సరిపోతుంది అని కూర్చుని విడదీసి చూడటం ఇద్దరికీ బద్ధకమే.

అలా విడదీయడానికి సాధనమే లేని రోజులు ఒకప్పుడు నిజంగానే ఉండేవి. విండోస్ ఎన్‌టీ 4.0 కాలంలో డొమైన్ అంటే ఒకే ముద్ద. ఒక శాఖకు తన కంప్యూటర్ల మీద తనకే పెత్తనం కావాలంటే వేరే డొమైన్ కట్టి, రెండింటి మధ్య ట్రస్టు సంబంధాలు పెట్టవలసి వచ్చేది. పెద్ద సంస్థల్లో డొమైన్లు అలా పిలకలేస్తూ పోయాయి. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు విడుదలైన యాక్టివ్ డైరెక్టరీ ఈ చిక్కు విప్పింది. ఒకే డొమైన్ లోపల ఆర్గనైజేషనల్ యూనిట్లు, అంటే వాడుకలో ఓయూలు, ఎన్నైనా పెట్టుకోవచ్చు. ఒక్కో ఓయూ మీద వేరువేరు వ్యక్తులకు వేరువేరు పనులు అప్పగించవచ్చు. ఒక్కో ఓయూకు వేరే గ్రూప్ పాలసీ, అంటే యంత్రాల సెట్టింగుల నియమావళి, తగిలించవచ్చు. ఇక్కడ చాలామంది మొదటి అడుగే తప్పటడుగు వేస్తారు. సంస్థ నిర్మాణ పటం ఎలా ఉందో ఓయూలను అలాగే గీస్తారు: డైరెక్టరు కింద జనరల్ మేనేజరు, ఆయన కింద విభాగాలు. కంప్యూటర్లకు ఆ హోదాలతో పని లేదు. ఈ యంత్రాలను ఎవరు చూసుకుంటారు, వీటికి ఏ నియమాలు వర్తిస్తాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఎక్కడ మారుతుందో అక్కడే ఓయూ గీత పడాలి. ఇద్దరు డీన్‌ల కింద ఉన్న రెండు ల్యాబులను ఒకే టెక్నీషియన్ ఒకే పద్ధతిలో నడుపుతుంటే వాటికి ఒక్క ఓయూ చాలు.

అప్పగింత అనేది మూడు ముక్కల వాక్యం: ఈ గ్రూపువాళ్లు, ఈ ఓయూలో, ఈ పని చేయవచ్చు. పంచాయతీ కార్యదర్శి తన గ్రామ పరిధిలో జనన ధ్రువపత్రం ఇవ్వగలడు, పక్క గ్రామానికి ఇవ్వలేడు, జిల్లా ఖజానా తాళం అతని దగ్గర ఉండదు. అప్పగింత తీరూ సరిగ్గా అంతే. ఉదాహరణకు ఒక శాఖ ఓయూలో కొత్త కంప్యూటర్ చేర్చడం, పాతది తీసేయడం, ఆ శాఖ ఉద్యోగుల పాస్‌వర్డ్ మార్చి తర్వాతి లాగిన్‌లో కొత్తది పెట్టుకునేలా చేయడం, ఫలానా రెండు గ్రూపుల్లో సభ్యులను చేర్చడం. వీటిలో ఏ ఒక్కదానికీ డొమైన్ అడ్మిన్ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఇందుకోసం ఇచ్చిన డెలిగేషన్ ఆఫ్ కంట్రోల్ విజార్డ్‌లో ఈ పని అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అయితే దానిలో ఒక మెలిక ఉంది. ఆ విజార్డ్ ఇవ్వగలదు గాని వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలంటే ఓయూ సెక్యూరిటీ ట్యాబ్‌లోకి వెళ్లి, వరసగా పేరుకుపోయిన అనుమతుల్లో ఏది ఎందుకిచ్చారో వెతుక్కోవాలి. అందుకే అధికారం ఎన్నడూ మనిషి పేర ఇవ్వకూడదు. ప్రతి శాఖకు ఒక గ్రూపు పెట్టి, అనుమతి ఆ గ్రూపుకు ఇచ్చి, మనుషులను ఆ గ్రూపులో చేర్చాలి. ఒకరికి బదిలీ అయిన రోజు గ్రూపులోంచి పేరు తీసేస్తే సరిపోతుంది, ఓయూ జోలికి వెళ్లే పనే ఉండదు.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వద్దాం. అధికారం ఇవ్వకపోతే భద్రత పెరుగుతుందన్న నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీసేది విండోస్ పనిచేసే తీరే. ఒక కంప్యూటర్‌ను డొమైన్‌లో చేర్చగానే డొమైన్ అడ్మిన్స్ గ్రూపు దానంతటదే ఆ యంత్రం లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లో చేరిపోతుంది. శాఖలో ఎవరికీ అధికారం లేదు కాబట్టి, చిన్న రిపేరుకు కూడా హెడ్డాఫీసు ఇంజనీరు తన డొమైన్ అడ్మిన్ ఖాతాతో ఆ యంత్రంలోకి లాగిన్ అవుతాడు. లాగిన్ అయినంతసేపూ అతని ఖాతా ఆనవాళ్లు ఆ యంత్రం మెమరీలో ఉంటాయి. ఆ యంత్రంలో అప్పటికే వైరస్ కూర్చుని ఉండి, దానికి లోకల్ అడ్మిన్ అధికారం చిక్కితే, ఆ ఆనవాళ్లను లాక్కుని డొమైన్ మొత్తాన్నీ ఏలవచ్చు. 2011లో బెంజమిన్ డెల్పీ బయటపెట్టిన మిమీక్యాట్జ్ అనే సాధనం ఈ దోపిడీ ఎంత తేలికో లోకానికి చూపించింది. అంటే అధికారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కేంద్రం, తన దగ్గరున్న అన్నిటికన్నా విలువైన తాళంచెవిని రోజూ అతి తక్కువ రక్షణ ఉన్న కంప్యూటర్లలోకి స్వయంగా మోసుకెళుతోందన్నమాట.

2017 జూన్ 27న నాట్‌పెట్యా దాడిలో జరిగిందిదే. యుక్రెయిన్‌లో పన్నుల లెక్కలకు వాడే ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా లోపలికి వచ్చిన ఆ పురుగు రెండు దారుల్లో వ్యాపించింది. ఒకటి అప్పటికే ప్యాచ్ వచ్చి ఉన్న పాత లోపం. రెండోది మెమరీలో దొరికిన ఖాతాలు. ఆ ఖాతాలతో అది పీఎస్‌ఎగ్జెక్, డబ్ల్యూఎంఐ లాంటి మామూలు నిర్వహణ సాధనాలనే వాడుకుంది. అందుకే ప్యాచ్‌లన్నీ వేసుకున్న యంత్రాలు కూడా పడిపోయాయి. డెన్మార్క్ నౌకా సంస్థ మెర్స్క్ 4,000 సర్వర్లనూ 45,000 పీసీలనూ పది రోజుల్లో మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవలసి వచ్చిందని ఆ సంస్థ చైర్మన్ 2018 జనవరిలో దావోస్‌లో చెప్పారు. దాని డొమైన్ కంట్రోలర్లు సుమారు 150 ఉంటే, ఘనాలో ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండటం వల్ల అది నెట్‌వర్క్‌లో లేదు. కరెంటు కోతకు కృతజ్ఞతలు చెప్పుకోవలసిన స్థితి ఏ సంస్థకూ రాకూడదు. డొమైన్ అడ్మిన్ ఖాతాలు మామూలు యంత్రాల్లో లాగిన్ కాకుండా గ్రూప్ పాలసీతోనే అడ్డుకోవచ్చు, అడ్డుకోవాలి కూడా. అయితే ఆ అడ్డు పెట్టిన మరుక్షణం శాఖల్లో రిపేర్లు ఎవరు చేస్తారన్న ప్రశ్న లేస్తుంది. అప్పగింత లేకుండా ఆ నియమం పెట్టలేరు. పెట్టినా వారం తిరక్కుండా ఎత్తేస్తారు.

రెండో సాక్ష్యం మొదట్లో చెప్పిన ఉమ్మడి పాస్‌వర్డ్. ఒకే ఇమేజ్‌తో వందల యంత్రాలు తయారుచేసేటప్పుడు అన్నిటికీ ఒకే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పడుతుంది. ఒక యంత్రంలో అది దొరికితే అన్నీ దొరికినట్టే. ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చిన ఒక ఉపాయం ఇంకా పెద్ద ఇబ్బంది తెచ్చింది. 2008లో వచ్చిన గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌తో లోకల్ పాస్‌వర్డ్‌ను కేంద్రం నుంచే మార్చే వీలు కలిగింది. ఆ పాస్‌వర్డ్ డొమైన్‌లోని ప్రతి వాడుకరీ చదవగలిగే సిస్‌వాల్ అనే చోట ఒక ఫైల్లో కూర్చునేది. రహస్య లిపిలో ఉండే మాట నిజమే గాని, దాన్ని విప్పే కీని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో ప్రచురించింది. 2014 మే నెలలో ఎంఎస్14-025 ప్యాచ్‌తో ఆ సౌకర్యం తీసేశారు. కొత్తవి పెట్టకుండా ఆ ప్యాచ్ ఆపింది, అప్పటికే పెట్టిన ఫైళ్లను మాత్రం చెరపలేదు. మీ సిస్‌వాల్‌లో అలాంటివి మిగిలి ఉన్నాయేమో ఈ పేజీ పక్కన పెట్టి చూసుకోండి. ఆ మరుసటి ఏడు, 2015 మేలో, ల్యాప్స్ అనే సాధనం వచ్చింది. ప్రతి యంత్రానికీ వేరే పాస్‌వర్డ్, మామూలుగా 30 రోజులకోసారి దానంతటదే మారుతుంది, డైరెక్టరీలో ఆ యంత్రం పేరు కింద దాచి ఉంటుంది, అనుమతి ఉన్నవాళ్లే చదవగలరు. 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి అది విండోస్‌లోనే భాగం. నాకు నచ్చే విషయం ఏమిటంటే, పాస్‌వర్డ్‌ను చదివే హక్కును ఓయూల వారీగా అప్పగించవచ్చు. శాఖ టెక్నీషియన్ తన శాఖ యంత్రాలవే చూడగలడు, ఎప్పుడు చూశాడన్నది, ఆడిట్ పెట్టుకుంటే, నమోదవుతుంది. చీకట్లో తిరిగిన పాత అధికారమే ఇది. ఇప్పుడు దానికి పేరూ తేదీ ఉన్నాయి.

ఇక ఏది ఇవ్వాలి, ఏది ఉంచుకోవాలన్న దగ్గర కాస్త నిదానించాలి, ఎందుకంటే కొన్ని హక్కులు పేరుకు చిన్నవి, ఫలితానికి పెద్దవి. పాస్‌వర్డ్ రీసెట్ చేసే హక్కునే చూడండి. ఒకరి పాస్‌వర్డ్ మార్చగలవాడు తలచుకుంటే వారిగా లాగిన్ కాగలడు. కాబట్టి శాఖ ఓయూలో ప్రిన్సిపాల్ ఖాతానో, చెక్కులు మంజూరు చేసే అకౌంటెంటు ఖాతానో ఉంటే, ఆ ఓయూలో రీసెట్ హక్కు ఉన్న టెక్నీషియన్‌కు ఆ అధికారాలూ అందుబాటులోకి వచ్చినట్టే. ఇలాంటి ఖాతాలను వేరే ఓయూలో పెట్టాలి. డొమైన్ అడ్మిన్ల ఖాతాల అనుమతులను ఎవరైనా మార్చినా యాక్టివ్ డైరెక్టరీ గంటకోసారి వాటిని యథాస్థితికి తెస్తుంది గాని, ఆ కాపలా కొన్ని పెద్ద గ్రూపులవాళ్లకే. మీ అకౌంటెంటుకు అది వర్తించదు. గ్రూప్ పాలసీ సంగతీ ఇంతే. ఉన్న పాలసీని ఓయూకు తగిలించడం ఒక హక్కు, పాలసీలోపలి అంశాలను మార్చడం ఇంకో హక్కు, కొత్త పాలసీ సృష్టించడం మూడోది. మొదటిదాన్ని శాఖకు ధైర్యంగా ఇవ్వవచ్చు. రెండోది ఇస్తే మాత్రం, ఆ పాలసీ ఎన్ని యంత్రాలకు తగిలి ఉందో అన్నిటి మీదా శాఖ టెక్నీషియన్‌కు అడ్మిన్ అధికారం ఇచ్చినట్టే, ఎందుకంటే పాలసీతో ఏ స్క్రిప్టునైనా ఆ యంత్రాల్లో నడిపించవచ్చు. అకౌంట్ ఆపరేటర్స్ లాంటి రెడీమేడ్ గ్రూపులు చూసి మోసపోవద్దు. పేరు చూస్తే గుమాస్తా స్థాయిలా ఉంటుంది, కానీ దాని సభ్యులు మామూలుగానే డొమైన్ కంట్రోలర్లలో లాగిన్ కాగలరు. దాన్ని ఖాళీగా ఉంచమనే మైక్రోసాఫ్ట్ సలహా కూడా.

ఇవ్వడం మరిచిపోయిన హక్కులతో పాటు, ఇచ్చామని తెలియకుండానే ఇచ్చినవీ ఉంటాయి. యాక్టివ్ డైరెక్టరీలో డిఫాల్టుగా ప్రతి మామూలు వాడుకరీ పది కంప్యూటర్ల దాకా డొమైన్‌లో చేర్చవచ్చు. ఈ సంగతి చాలామంది అడ్మిన్లకే తెలియదు. అలా చేరిన యంత్రం ఏ శాఖ ఓయూలోనూ పడదు, కంప్యూటర్స్ అనే కంటైనర్‌లో పడుతుంది. అది ఓయూ కాదు కాబట్టి దానికి నేరుగా పాలసీ తగిలించడం కుదరదు. ఫలితంగా డొమైన్ స్థాయి పాలసీలు తప్ప ఇంకేవీ లేకుండా దిక్కులేని యంత్రాల గుంపు ఒకటి పోగవుతుంది. ఆ పదిని సున్నా చేసి, యంత్రాలు చేర్చే హక్కును శాఖ గ్రూపుకు, శాఖ ఓయూలో మాత్రమే ఇవ్వండి.

కేంద్రం తన దగ్గర ఉంచుకోవలసినవి కొన్నే, కానీ వాటిలో రాజీ పడకూడదు: డొమైన్ కంట్రోలర్లు, ఉద్యోగుల ఖాతాల పుట్టుక, రద్దు, కనీస భద్రతా నియమాలు, లాగ్‌లు. పాలసీలు వర్తించే వరుసలో ముందు ఆ యంత్రంలోది, తర్వాత సైట్‌ది, తర్వాత డొమైన్‌ది, చివర ఓయూది వస్తాయి. రెండు పాలసీలు ఒకే విషయంలో వేరువేరుగా చెబితే చివర వచ్చినదే నెగ్గుతుంది. అంటే విండోస్ సహజంగానే శాఖ మాటకు విలువ ఇస్తుంది. శాఖ కావాలంటే పైనుంచి వచ్చేవాటిని తన ఓయూ దగ్గర ఆపేయవచ్చు కూడా. కేంద్రం ఒక పాలసీకి ఎన్‌ఫోర్స్‌డ్ ముద్ర వేస్తే మాత్రం దాన్ని ఎవరూ ఆపలేరు. ఈ ముద్రను ఎంత పొదుపుగా వాడితే కేంద్రం మాటకు అంత బరువు. ఫైర్‌వాల్, ప్యాచ్‌లు, ల్యాప్స్, ఆడిట్ సెట్టింగులు, వీటికి వేయండి. డెస్క్‌టాప్ బొమ్మ ఏది ఉండాలో, బ్రౌజర్ మొదటి పేజీ ఏది తెరవాలో కూడా ఎన్‌ఫోర్స్ చేసే ఆఫీసులున్నాయి. అక్కడ శాఖలవాళ్లు అసలైన నియమాలను కూడా అదే చిరాకుతో చూడటం మొదలుపెడతారు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఒక యంత్రం మీద లోకల్ అడ్మిన్ అయినవాడు కావాలనుకుంటే ఆ యంత్రంలో పాలసీని కొంతసేపైనా తప్పించుకోగలడు. పాలసీ మామూలుగా తొంభై నిమిషాలకు, దానికి తోడు ముప్పై నిమిషాల లోపు ఆలస్యంతో, మళ్లీ వచ్చి, తనలో మార్పు ఉంటే వర్తిస్తుంది. భద్రతా సెట్టింగులు, పాలసీలో మార్పేమీ లేకపోయినా, 16 గంటలకోసారి తిరిగి పడతాయి. మొండివాణ్ణి ఇది ఆపలేదు. పొరపాటున చేసిన మార్పులను సరిదిద్దుతుంది, ఆఫీసుల్లో జరిగేవి చాలావరకు అవే.

ఈ అప్పగింతకు వచ్చే మొదటి అభ్యంతరం, శాఖల్లో ఉన్నవాళ్లకు అంత నైపుణ్యం లేదని. నిజమే అనుకుందాం. ఉమ్మడి పాస్‌వర్డ్ చేతిలో ఉన్నప్పుడు ఆ నైపుణ్యం లేని మనిషికే హద్దు లేని అధికారం ఉంది కదా. నైపుణ్యం తక్కువైన చోటే హద్దు ఎక్కువ అవసరం. తన ఓయూలో యాభై యంత్రాలను చేర్చడం, తీయడం మాత్రమే చేయగలవాడు ఎంత పెద్ద పొరపాటు చేసినా నష్టం ఆ యాభైతో ఆగుతుంది. అవీ యాక్టివ్ డైరెక్టరీ రీసైకిల్ బిన్ ఆన్ చేసి ఉంటే తిరిగి తెచ్చుకోవచ్చు. పైగా నేర్చుకోవడానికి కారణం లేనివాడు నేర్చుకోడు. ప్రతిదానికీ హెడ్డాఫీసుకు టికెట్ పెట్టించే పద్ధతి మనుషులకు టికెట్ పెట్టడం మాత్రమే నేర్పుతుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది: అధికారం ఉన్న చేతులు పెరిగేకొద్దీ దొంగకు దొరికే చేతులూ పెరుగుతాయి. ఈ మాటలో సగం నిజం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. శాఖ అడ్మిన్ ఒక ఫిషింగ్ మెయిల్‌కు పడిపోతే ఆ శాఖ కంప్యూటర్లన్నీ పోవచ్చు. కానీ ఇక్కడ లెక్కపెట్టవలసింది చేతుల సంఖ్య ఒక్కటే కాదు, ఒక్కో చెయ్యి ఎంత దూరం అందుకోగలదన్నది కూడా. జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కంప్యూటర్ రక్షణకు పెట్టిన సూత్రాల్లో, పనికి సరిపోయినంత అధికారమే ఇవ్వాలన్నది ఒకటి. యాభై ఏళ్లుగా ఎవరూ దాన్ని ఖండించలేదు, అమలు చేయడానికే బద్ధకించారు. ముగ్గురికి సంస్థ మొత్తం మీద పెత్తనం ఉండి, ఆ ముగ్గురూ రోజూ వందల యంత్రాల్లో లాగిన్ అవుతూ ఉంటే, మూడు అనే అంకె ఏ రక్షణా ఇవ్వదు. పదిహేను మందికి ఒక్కో శాఖ మీద మాత్రమే అధికారం ఉంటే దొంగకు ఒక శాఖ దొరుకుతుంది. అయితే ఈ వాదన నిలవాలంటే ఒక షరతు ఉంది. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు, అక్కడి నుంచి కేంద్రానికి దారి ఉండకూడదు. కేంద్ర సిబ్బంది వాడే కంప్యూటర్ ఏదైనా శాఖ ఓయూలో ఉంటే దారి ఏర్పడినట్టే. 2016లో డెఫ్‌కాన్ సదస్సులో విడుదలైన బ్లడ్‌హౌండ్ సాధనం ఇలాంటి మెట్లను ఒక్కొక్కటిగా కలిపి, మామూలు వాడుకరి నుంచి డొమైన్ అడ్మిన్ దాకా దారి గీసి చూపిస్తుంది. దాన్ని దొంగల కన్నా ముందు మీరే, పైవాళ్ల అనుమతితో, మీ డైరెక్టరీ మీద నడిపి చూడటం మంచిది. శాఖ అడ్మిన్‌కు మెయిల్ చూసుకోవడానికి ఒక ఖాతా, అడ్మిన్ పనికి వేరే ఖాతా ఉండాలన్నది కూడా ఇక్కడ బేరాలు లేని నియమం.

శాఖలవైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇందుకు పూర్తిగా ఎదురు. మమ్మల్ని కేంద్రంలో కలపడమెందుకు, పైన ఒక్కడు తప్పు చేస్తే అందరం మునుగుతాం కదా అంటారు. 2024 జులై 19 దీనికి పెద్ద ఉదాహరణ. భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, అయినా మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఒకే చోటి నుంచి అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపే పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే, అందుకే కేంద్రం ఏ మార్పునైనా ముందు కొన్ని యంత్రాలకు, తర్వాత ఒక శాఖకు, ఆ పైన అందరికీ అన్న వరుసలో పంపాలి. అయితే ఆ రోజు బాగుచేత ఎలా జరిగిందో చూస్తే వాదన ఇంకో వైపు తిరుగుతుంది. ఆగిపోయిన యంత్రం నెట్‌వర్క్‌లోకి రాదు కాబట్టి కేంద్రం నుంచి చేయగలిగింది తక్కువ. ఎవరో ఒకరు యంత్రం ముందుకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు కేంద్ర డైరెక్టరీలో భద్రంగా ఉన్న చోట, వాటిని చదివే హక్కు శాఖ మనిషికి ముందే ఉన్న చోట పని సాగుతుంది. కేంద్రం కీలను దాచి ఉంచకపోయినా పని ఆగుతుంది, వాటిని చదివే హక్కు శాఖకు ఇవ్వకపోయినా ఆగుతుంది.

ప్యాచ్‌ల విషయంలోనూ ఇదే. వాన్నాక్రై అనే పురుగు 2017 మే 12న విరుచుకుపడేటప్పటికి, అది వాడుకున్న లోపానికి మందు మార్చి 14నే వచ్చింది. మధ్యలో దాదాపు రెండు నెలలున్నాయి. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయని వార్తలు వచ్చాయి. కేంద్రం ప్యాచ్‌ను పంపగలదు. నెలల తరబడి రీస్టార్ట్ కాని యంత్రాన్ని, డిస్కు నిండిపోయి అప్‌డేట్ తిరస్కరిస్తున్న యంత్రాన్ని బాగుచేయవలసింది దాని పక్కన ఉన్న మనిషి. విఫలమైన యంత్రాల జాబితాను అతనికి చూపించి, సరిచేసే హక్కు ఇవ్వకపోతే ఆ జాబితా హెడ్డాఫీసులో ఎర్ర గుర్తుల పట్టికగా మిగిలిపోతుంది.

ఇదంతా పాతకాలపు యాక్టివ్ డైరెక్టరీ గొడవ, మేం మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ ఇంట్యూన్‌కు మారిపోతున్నాం అనేవాళ్లకు ఒక్క మాట చాలు. పేర్లు మారాయి, ప్రశ్న మారలేదు. అక్కడ ఓయూల చోట అడ్మినిస్ట్రేటివ్ యూనిట్లు, స్కోప్ ట్యాగులు వచ్చాయి. గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ అనే ఖాతా డొమైన్ అడ్మిన్ కన్నా ప్రమాదకరం, ఎందుకంటే దానితో ప్రపంచంలో ఎక్కడి నుంచైనా లాగిన్ కావచ్చు. ముప్పై యంత్రాలు ఒకే భవనంలో ఉన్న ఆఫీసుకు మాత్రం ఈ అధ్యాయంలో సగం అక్కర్లేదు. ల్యాప్స్ పెట్టి, అడ్మిన్ ఖాతాను మామూలు ఖాతా నుంచి వేరు చేస్తే చాలు.

పెద్ద స్థాయిలో ఇది నడుస్తుందా అన్న సందేహం ఉంటే విశ్వవిద్యాలయాలను చూడండి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఒక్కో విభాగం, ఒక్కో పరిశోధన కేంద్రం తన సొంత నిధులతో, సొంత ఐటీ మనుషులతో నడుస్తుంది. అక్కడ హెడ్డాఫీసు ఆజ్ఞాపించి అందరినీ ఒక తాటి మీదికి తేలేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అందుకే డెలిగేటెడ్ ఓయూ అన్న పేరుతోనే ఒక సేవ నడుపుతోంది. ఖాతాలూ డొమైనూ విశ్వవిద్యాలయానివి. విభాగం తన కంప్యూటర్లను తన ఓయూలో పెట్టుకుని తన మనుషులతో చూసుకుంటుంది. స్వతంత్రంగా డొమైన్ నడుపుకోగల విభాగం కూడా ఇందులో చేరడానికి కారణం, డొమైన్ కంట్రోలర్ల బాధ తప్పుతుంది, పెత్తనం చేజారదు. శాఖలను ఒప్పించవలసిన మేనేజరుకు బెదిరింపు కన్నా ఈ బేరం ఎక్కువ పనికొస్తుంది. అయితే ఒకరినొకరు అసలు నమ్మని రెండు సంస్థలను ఇలా ఒకే డొమైన్‌లో కలపకండి. యాక్టివ్ డైరెక్టరీలో నిజమైన భద్రతా సరిహద్దు ఫారెస్ట్, అంటే ఒకటి లేదా ఎక్కువ డొమైన్లున్న పై స్థాయి నిర్మాణం. ఓయూ పని పంపకానికి గీసిన గీత మాత్రమే, డొమైన్ కూడా దొంగను ఆపే గోడ కాదు.

మొదలుపెట్టేటప్పుడు అన్నీ ఒకేసారి ఇవ్వనక్కర్లేదు. గత మూడు నెలల టికెట్లు తీసి, ఏ శాఖ నుంచి ఏ రకం పని ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. పాస్‌వర్డ్ రీసెట్, కొత్త యంత్రం చేర్చడం, ప్రింటర్, ఈ మూడే సాధారణంగా పైన ఉంటాయి. ఆ మూడింటికి సరిపోయే హక్కులు ఒక శాఖకు ఇచ్చి చూడండి. ఇచ్చిన రోజే ఆడిట్ కూడా మొదలవ్వాలి. లోకల్ గ్రూపులో ఎవరినైనా చేరిస్తే 4732, పాస్‌వర్డ్ రీసెట్‌కు 4724, డైరెక్టరీలో మార్పుకు 5136 నంబరు ఈవెంట్లు వస్తాయి. వాటిని శాఖవాళ్లు చెరపలేని కేంద్ర సర్వర్‌కు చేర్చాలి, చేరుస్తున్నామని వాళ్లకు ముందే చెప్పాలి. ఉమ్మడి పాస్‌వర్డ్‌ను మార్చడం ఆ తర్వాతి పని. హక్కులు చేతికి రాకముందే దాన్ని మార్చేస్తే శాఖల్లో పని ఆగి, మర్నాటికి ఇంకో ఉమ్మడి పాస్‌వర్డ్ పుడుతుంది. ఇక ప్రతి శాఖ గ్రూపులోని పేర్ల జాబితా ఆరు నెలలకోసారి ఆ శాఖాధిపతికి వెళ్లాలి. పేర్లు చూసి, వెళ్లిపోయినవాళ్లను కొట్టేసి, ఆయన సంతకం పెట్టి తిప్పి పంపాలి. గడువులోగా సంతకం రాని గ్రూపును ఖాళీ చేస్తామని మొదటి ఉత్తరంలోనే రాసి ఉంచండి, ఒకసారి నిజంగా ఖాళీ చేయవలసి వస్తే వెనకాడకండి.